ఒకే పోలికవి రెండు గిటార్లు: ఉంచుకోనా, పంపేయనా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాకు 36 ఏళ్లు. ఆరేళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. వాయిస్తున్నాను అంటే కచేరీలేం కావు. రాత్రి మా బాబు పడుకున్నాక అరగంట, సెలవు రోజైతే గంట. నా దగ్గరున్నది మహాగని చెక్క డ్రెడ్‌నాట్, అంటే పెద్ద ఒంటి గిటార్. పిక్‌గార్డ్ (పిక్ గీతలు పడకుండా అతికించే పలక) పక్కన మా వాడు బొమ్మ కారుతో కొట్టిన సొట్ట కూడా ఉంది దానికి.

ఎనిమిది రోజుల కిందట రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే డిస్కౌంట్‌లో ఒక గిటార్ కనబడింది. అదీ డ్రెడ్‌నాటే. అదే సైజు, అదే స్ప్రూస్ చెక్క టాప్ (ముందు పలక), వెనకా పక్కలా మాత్రం రోజ్‌వుడ్. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని రాసి ఉంది. పది నిమిషాల్లో ఆర్డర్ పెట్టేశాను. గుండె దడ పొద్దున లేచాక మొదలైంది.

వచ్చింది. బాగుంది. పాతదానికంటే గట్టిగా, మెరుపుగా మోగుతోంది. పాతదానిమీద ఎఫ్ కార్డ్ (చూపుడువేలు ఆరు స్ట్రింగ్స్‌నీ నొక్కే పట్టు) పట్టాలంటే ఈమధ్య చెయ్యి లాగేస్తోంది, దీనిమీద ఆ బాధ లేదు. కానీ మా ఆవిడ ‘రెండింటికీ తేడా ఏంటి?’ అని అడిగింది. ‘చెక్క వేరు’ అన్నాను. ‘చెక్క వేరైతే?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అన్నట్టు పాతదాని స్ట్రింగ్స్ మార్చి ఏడాది దాటిందనుకుంటా, మెడ గట్రా ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు. కొత్తదాన్ని 30 రోజుల్లోగా వెనక్కి పంపొచ్చట. పంపేయనా? లేక దీన్ని ఉంచుకుని పాతది అమ్మేయనా? రెండూ ఉంచుకుంటే తప్పా? పేరు వేయకండి, ఆఫీసులో ఏడిపిస్తారు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను, ‘ఇంకా రెండే మిగిలాయి’ అన్న మాటకి పడిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి. రెండోసారి చదివేటప్పుడు మీరు చివర్లో ‘అన్నట్టు’ అంటూ పడేసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. స్ట్రింగ్స్ మార్చి ఏడాది దాటింది, మెడ ఎవరికీ చూపించలేదు. మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు.

కొత్తది మెరుపుగా మోగుతోందన్నారు. మోగదూ మరి! గిటార్‌లో లావు స్ట్రింగ్స్ నాలుగింటికీ ఉక్కు తీగ చుట్టూ సన్నటి కంచు తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్ల సందుల్లోకి చెమట, చర్మపు పొట్టు, దుమ్ము చేరుతూనే ఉంటాయి. చేరేకొద్దీ శబ్దంలోని గలగల ముందు పోతుంది, తర్వాత నిడివి పోతుంది, ఆఖరికి ట్యూనింగ్ కూడా సరిగ్గా కుదరదు. రోజూ అరగంట వాయించే చేతుల్లో మామూలు స్ట్రింగ్స్ రెండు మూడు నెలలకే మసకబారతాయి. నమ్మకం లేకపోతే మీ పాతదాన్ని తీసి, లావు స్ట్రింగ్ అడుగున, రెండు మూడు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) దగ్గర, వేలి గోరుతో మెల్లగా తడమండి. ఫ్రెట్ తగిలేచోటల్లా చిన్న చిన్న గంట్లు తెలుస్తాయి. ఆ స్ట్రింగ్స్‌ని, నిన్నగాక మొన్న పెట్టెలోంచి తీసిన స్ట్రింగ్స్‌తో పోల్చి, తేడా చెక్కలో ఉందనుకుంటున్నారు మీరు.

ఇక ఎఫ్ కార్డ్ సంగతి. మామూలుగా వేసుకునే 12-53 లైట్ సెట్‌కి (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సన్న స్ట్రింగ్ మందం 12, లావుది 53) ఆరు స్ట్రింగ్సూ కలిసి లాగే బలం దాదాపు 160 పౌండ్లు, అంటే 70 కిలోల పైమాటే. ఒక నిండు మనిషి ఆరేళ్లుగా మీ గిటార్‌కి వేలాడుతున్నాడన్నమాట. దానికి మెడ కాస్త ముందుకు వంగుతుంది. బ్రిడ్జ్ (స్ట్రింగ్స్‌ని టాప్ మీద పట్టి ఉంచే చెక్క ముక్క) వెనకాల టాప్ కాస్త పొట్టపెడుతుంది, గాలిలో తేమ పెరిగితే ఇంకొంచెం. దాంతో స్ట్రింగ్స్ ఫ్రెట్ల మీంచి పైకి లేస్తాయి. యాక్షన్ పెరిగింది అనేది దీన్నే. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు కాబట్టి వాయించేవాడికి తెలియదు. చెయ్యి లాగుతోంటే ‘వయసు మీద పడుతోంది’ అనుకుంటాడు, లేదా కొత్త గిటార్ కొంటాడు.

ఒక స్టీల్ స్కేల్ తీసుకోండి. సున్నా గీత సరిగ్గా అంచునే మొదలయ్యేది కావాలి. పాతదాన్ని ట్యూన్ చేసి, వాయించే భంగిమలోనే ఒళ్లో పెట్టుకుని, 12వ ఫ్రెట్ మీద స్కేల్ నిలబెట్టి, లావు ఇ స్ట్రింగ్ అడుగు ఎంత ఎత్తులో ఉందో చూడండి. తర్వాత కొత్తదాన్నీ అలాగే కొలవండి. రెండున్నర మిల్లీమీటర్లు, ఆ లోపు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. మీ పాతది మూడు దాటి ఉంటుందని నా పందెం. అర మిల్లీమీటరే కదా అని తీసిపారేయకండి. ఎఫ్ పట్టినప్పుడు చూపుడువేలు ఆరు స్ట్రింగ్స్‌నీ ఒకేసారి కిందికి నొక్కాలి, నొక్కి పట్టుకోవాలి కూడా.

దీనికి మందుంది. మెడ లోపల ట్రస్ రాడ్ అని ఒక లోహపు కడ్డీ ఉంటుంది. దాన్ని కొద్దిగా బిగిస్తే మెడ వంపు తగ్గుతుంది. అది చాలకపోతే బ్రిడ్జ్ మీదుండే తెల్లటి శాడిల్‌ని అడుగు నుంచి అరగదీస్తారు. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు అరగాలి. చేతివాటం ఉన్న రిపేర్ మనిషికి ఇది పెద్ద పని కాదు. మీరు మాత్రం ఇంట్లో గరుకు కాగితం పట్టుకుని కూర్చోకండి. అరగదీసింది మళ్లీ పెరగదు.

చేసిన పని ఎలా ఉందంటే, తలుపు కీళ్లు కిర్రుమంటున్నాయని పక్కనే అచ్చం అలాంటి ఇల్లు కొన్నట్టుంది. ఇది ఎగతాళి కాదు, నా దగ్గరికొచ్చే ‘రెండో గిటార్’ కథల్లో చాలా వాటికి మూలం ఇదే. వాద్యంతో పేచీ లేదు, సెటప్‌తోనే, అంటే ఈ మెడ వంపు, స్ట్రింగ్స్ ఎత్తు సర్దుబాటుతోనే పేచీ.

అలాగని పాతదే గొప్పదని ఇప్పుడే తీర్పు చెప్పను. దానికి న్యాయంగా ఒక అవకాశం ఇవ్వండి అంటాను. మీకు ఇంకా 22 రోజులున్నాయి, ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి పది రోజులైనా మిగులుతాయి. అది చాలు.

ముందు ఒక హెచ్చరిక. కొత్తదాని జోలికి వెళ్లకండి. స్ట్రింగ్స్ మార్చడం, ట్రస్ రాడ్ తిప్పడం, స్ట్రాప్ గుండీ బిగించడం, ఏదీ వద్దు. బెల్టు బకిల్, చొక్కా గుండీలు వెనక పలక మీద గీతలు పెడతాయి. కాబట్టి వాయించేటప్పుడు బకిల్ తీసేసి, ఒంటికీ గిటార్‌కీ మధ్య మెత్తటి గుడ్డ వేసుకోండి. పంపాలో వద్దో మీరు తేల్చుకునేలోపే ఒక గీత ఆ పని చేసేయకూడదు. ఆ ప్లాస్టిక్ కవర్లు, ఫోమ్ ముక్కలు, అట్టపెట్టె అన్నీ దాచండి.

మార్చాల్సింది పాతదాన్ని. కొత్తదానికి ఫ్యాక్టరీలో ఏ స్ట్రింగ్స్ వేశారో దాని వివరాల్లో రాసి ఉంటుంది. అదే రకం, అదే గేజ్ (మందం) తెచ్చి పాతదానికి వేయించండి, సెటప్ కూడా అప్పుడే చేయించండి. ఒకదానికి ఫాస్ఫర్ బ్రాంజ్, ఇంకోదానికి 80/20 బ్రాంజ్ వేస్తే మళ్లీ మొదటికొస్తుంది కథ. 80/20 మొదట్లో తళుక్కుమంటుంది, త్వరగా చల్లారుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త వెచ్చగా మోగి ఎక్కువ కాలం నిలుస్తుంది. వేశాక రెండు రోజులు వాయిస్తూ స్ట్రింగ్స్‌ని సాగి కుదురుకోనివ్వండి.

ఆ తర్వాత మీ ఆవిడ సాయం కావాలి. ప్రశ్న ఎలాగూ ఆవిడదే. మీరు కళ్లకి గుడ్డ కట్టుకుని కూర్చోండి, ఆవిడ తనకి తోచిన వరుసలో ఒక్కోటి చేతికిస్తారు. కుడిచెయ్యి పిక్‌గార్డ్ పక్కకి పోనివ్వకండి, మీ వాడి సొట్ట వేలికి తగిలిందంటే పరీక్ష అయిపోయినట్టే. ప్రతిసారీ అదే పిక్, అదే నాలుగు కార్డులు. ఏది ఏదో చెప్పండి, ఆవిడ కాగితం మీద రాసుకుంటారు. ఇలా పదిసార్లు. ఐదో ఆరో ఒప్పయితే బొమ్మా బొరుసూ వేసినట్టే, మీ చెవికి తేడా తెలియడం లేదు. తొమ్మిదో పదో ఒప్పయితే తేడా ఉంది. అప్పుడైనా తేడా ఉందని మాత్రమే తేలుతుంది. అది మీకు కావలసిన తేడా అవునా కాదా అన్నది వేరే సంగతి.

ఇంకో చిక్కుంది. రెండు శబ్దాల్లో కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదని చెవి ఓటేస్తుంది. అది అందరి చెవికీ ఉన్న జబ్బే, నాదీ అంతే. అందుకని రెండింటినీ ఫోన్‌లో ఒకే దూరం నుంచి రికార్డ్ చేసి, వినేటప్పుడు వాల్యూమ్ సమానం చేసుకుని ఒకసారి వినండి. చాలా గిటార్ల గొప్పతనం అక్కడ సగానికి తగ్గిపోవడం చూశాను.

స్కేల్ చేతిలో ఉన్నప్పుడే నట్ (తల మొదలయ్యే చోట స్ట్రింగ్స్ ఆనే పట్టీ) దగ్గర మెడ వెడల్పు కూడా కొలవండి. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, చాలామంది చూడరు. ఒకటి 43 మిల్లీమీటర్లు, ఇంకోటి 44.5 ఉండొచ్చు. ఈ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఆరు స్ట్రింగ్స్ మధ్య పంచుకున్నా వేళ్లకి తెలుస్తుంది. ఫింగర్ పికింగ్ చేసేవాళ్లకి, అంటే పిక్ లేకుండా వేళ్లతో మీటేవాళ్లకి, వెడల్పు హాయి, బొటనవేలు మెడ మీంచి తిప్పి లావు స్ట్రింగ్ నొక్కేవాళ్లకి సన్నమెడ హాయి. అలాంటి తేడా కనబడితే దాన్ని లెక్కలోకి తీసుకోండి. స్ట్రింగ్స్ మార్చినా సెటప్ చేయించినా అది పోదు.

ఇప్పుడు ‘చెక్క వేరైతే?’ అన్న ప్రశ్నకొద్దాం. గిటార్ మనుషులు చెప్పే మాట మీరూ వినే ఉంటారు. రోజ్‌వుడ్‌కి కింది స్వరాలు నిండుగా, మోత పొడుగ్గా ఉంటుందని, మహాగని పొడిగా, ఏ స్వరానికా స్వరం విడివిడిగా వినిపిస్తుందని. ముప్ఫై ఏళ్లుగా నేనూ ఇదే చెబుతూ వచ్చాను. 2018లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరు గిటార్లు ప్రత్యేకంగా చేయించి ఒక పరీక్ష పెట్టారు. వెనకా పక్కలా వాడిన చెక్క తప్ప ఆరూ ఒకే తీరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టుల కళ్లకి వెల్డింగ్ అద్దాలు పెట్టి, ఏది ఏదో కనబడకుండా వాయించమన్నారు. ఆరింటికీ వచ్చిన మార్కులు దాదాపు సమానం. అన్నిటికంటే అరుదైన, ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని ఎవరూ ప్రత్యేకంగా నెత్తిన పెట్టుకోలేదు.

అది చదివాక నా పాత మాటల్ని నేనేమీ వెనక్కి తీసుకోలేదు గానీ, గొంతు తగ్గించాను. టాప్ చెక్క, దాని మందం, లోపల ఎక్స్ ఆకారంలో అతికించే బ్రేసింగ్ చెక్క పట్టీలు, ఇవి శబ్దాన్ని ఎక్కువగా మలుస్తాయి. మీ రెండింటికీ స్ప్రూస్ టాపే, ఒకే ఒళ్లు. కాబట్టి మీ ఆవిడ అనుమానం వట్టిది కాదు.

ఈ మొత్తంలో నాకు బాగా తట్టిన సంగతి వేరే ఉంది. కొత్తది పాతదానికంటే గట్టిగా మోగుతోందని మురిసిపోతున్నారు. వాయించేదేమో బాబు పడుకున్నాక!

డ్రెడ్‌నాట్ అన్న పేరు 1906లో నీళ్లలోకి దిగిన ఒక బ్రిటిష్ యుద్ధనౌకది. 1916లో మార్టిన్ కంపెనీ, డిట్సన్ అనే సంగీత వాద్యాల వ్యాపారి కోసం ఈ పెద్ద ఒంటి గిటార్ చేసి ఆ పేరు పెట్టింది. 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. పెద్ద ఒళ్లు, వెడల్పు నడుము, పదిమంది పాడుతున్నా పైకి వినిపించే మోత. దాని పనే అది. నిద్రపోతున్న పిల్లాడి పక్కగదిలో ఇప్పటికే ఒక యుద్ధనౌక ఉంది మీకు, రెండోది తెప్పించారు.

మీకు రెండో గిటార్ వద్దని నేననను. ఒళ్లు చిన్నది, నడుము సన్నటిది కొంటే అర్థం చేసుకుంటాను. ట్రిపుల్ ఓ అనే సైజు ఉంది. దానికి సాధారణంగా స్కేల్ పొడవు (నట్ నుంచి శాడిల్ దాకా స్ట్రింగ్ మోగే పొడవు) 24.9 అంగుళాలు, డ్రెడ్‌నాట్‌కి 25.4. అర అంగుళం పొట్టి కాబట్టి అవే స్ట్రింగ్స్ వేసినా బిగువు తక్కువ, వేళ్లకి మెత్తన. సోఫాలో కాళ్లు మడుచుకుని, చెయ్యి భుజం దాకా ఎత్తకుండా వాయించుకోవచ్చు. మెల్లగా వాయిస్తే బాగా పలికేది ఇలాంటిదే. డ్రెడ్‌నాట్‌ని మెల్లగా వాయిస్తే సగం నిద్రలో ఉన్నట్టుంటుంది.

రెండూ ఉంచుకుంటే తప్పా అని అడిగారు. తప్పేం కాదు, రెండోదానికి పని ఉంటే. ఒకటి మామూలు ట్యూనింగ్‌లోనే ఉంచి, రెండోదాన్ని ఎప్పటికీ డి-ఎ-డి-జి-ఎ-డి, ఓపెన్ జి లాంటి వేరే ట్యూనింగ్‌లో ఉంచేవాళ్లున్నారు. ఒకే గిటార్‌ని రోజూ అటూ ఇటూ తిప్పుతుంటే స్ట్రింగ్స్ అలిసిపోతాయి, పాటకీ పాటకీ మధ్య ఐదు నిమిషాలు ట్యూనర్ చూస్తూ కూర్చోవాలి. ఇంకో సరదా పని, నాష్‌విల్ ట్యూనింగ్. పన్నెండు తీగల గిటార్ సెట్‌లోంచి సన్నటి స్ట్రింగ్స్ తీసి వేస్తే, లావు స్ట్రింగ్స్ ఉండే నాలుగు చోట్లా స్వరం ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన పలుకుతుంది. దాన్ని మామూలు గిటార్ మీద రికార్డ్ చేసిన పాటకి జోడిస్తే గాజు గ్లాసుల మీద వాయించినట్టుంటుంది. ఇలాంటి పనికైతే ఇంకో డ్రెడ్‌నాట్ ఉన్నా ఫర్వాలేదు. మరి మీరు వేరే ట్యూనింగ్‌లో ఎప్పుడైనా వాయించారా? ఉత్తరంలో లేదు కాబట్టి లేదనుకుంటున్నాను. ‘ఇకమీద నేర్చుకుంటా’ అనకండి. ఆ ట్యూనింగ్ ఇవాళ రాత్రే పాతదానిమీద పెట్టి చూడండి. వారం తర్వాత కూడా అది అలాగే ఉండి, మామూలు ట్యూనింగ్ కోసం చెయ్యి వేరే గిటార్ వెతుక్కుంటుంటే, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

నా సంగతి చెబుతాను. మీ వయసుకి కొంచెం చిన్నప్పుడు నా దగ్గర కూడా అచ్చం ఒకే పోలికవి రెండు ఉండేవి. రెండోది కొన్న వారానికే పొరపాటు చేశానని తెలుసు. తెలిసినా వెనక్కివ్వలేదు, ఇస్తే పొరపాటని ఒప్పుకున్నట్టవుతుందని. ‘ఒకటి ఇంట్లోకి, ఒకటి బయటికి’ అని ఇంట్లో చెప్పాను. బయటికి తీసుకెళ్లాల్సిన సందర్భం ఏడాదికి రెండుసార్లు వచ్చేది, ఆ రెండుసార్లూ అలవాటుగా ఇంట్లోదే తీసుకెళ్లాను. రెండోది కేసులో, కేసు అటక మీద. మూడేళ్లయ్యాక ఎవరో అరువడిగితే దింపాను. జిప్ తీసి చూస్తే బ్రిడ్జ్ కింద నుంచి అడుగు అంచు దాకా టాప్ మీద జానెడు గీత. గీత అనుకుని వేలితో తుడిచాను, వేలికి అంచు తగిలింది. పగులు. పొడిగాలికి చెక్క ముడుచుకుపోయింది. స్ట్రింగ్స్ అదే బిగువుతో లాగుతూనే ఉన్నాయి. ఎక్కడో తెగక తప్పలేదు. రిపేర్ చేసిన పెద్దాయన పగుల్లోకి జిగురు ఎక్కించి, లోపలి వైపు గోరంత చెక్క బిళ్లలు అతికించాడు. శబ్దం బాగానే వచ్చింది. కానీ నాకు అది గిటార్‌లా కనబడ్డం మానేసి, నేను ఒప్పుకోని ఒక పొరపాటులా కనబడ్డం మొదలెట్టింది. ఆ అరువడిగిన అబ్బాయికే ఇచ్చేశాను. వాడు ఇప్పటికీ వాయిస్తున్నాడు.

కాబట్టి నన్నడిగితే కొత్తదాన్ని పంపేయండి. పైన చెప్పిన కొలతలు, పరీక్ష చేశాకే పంపండి, ఊరికే నా మాట విని కాదు. ఒకవేళ మెడ వెడల్పులో తేడా ఉండి కొత్తదే మీ చేతికి కుదిరితే, లేదా కళ్లు మూసుకుని పదికి తొమ్మిదిసార్లు కొత్తదాన్ని పట్టుకోగలిగి, ప్రతిసారీ అదే కావాలనిపిస్తే, అది ఉంచుకుని పాతదాన్ని వదిలేయండి. సెటప్ చేయించి, కొత్త స్ట్రింగ్స్‌తో అమ్మితే కొన్నవాడు కూడా మిమ్మల్ని తిట్టుకోడు. ఆ సొట్ట గురించి మాత్రం ఒకటి చెప్పాలి. ఉత్తరం మొత్తంలో మీరు ముచ్చటగా రాసిన వాక్యం అదొక్కటే. కొత్తదాని గురించి ‘బాగుంది’ అన్నారు, అంతే.

పంపేటప్పుడు స్ట్రింగ్స్‌ని ఒక స్వరం మేర వదులు చేయండి, పూర్తిగా ఊడదీయకండి. కేసులో తల భాగం కిందా, మెడకి అటూ ఇటూ బట్టలో కాగితపు ఉండలో దట్టించండి. పార్సిల్లో గిటార్లు ఎక్కువగా విరిగేది తల దగ్గరే. పెట్టె మూసేముందు నలుమూలల నుంచీ ఫోటోలు తీసి ఉంచుకోండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. సెకండ్‌హ్యాండ్‌లో రెండు గిటార్లు చూశాను. ఇద్దరూ ‘సాలిడ్ టాప్’ అనే అంటున్నారు. ఒకదానికీ ఇంకోదానికీ ధరలో చాలా తేడా ఉంది. నిజంగా సాలిడో కాదో నేనే ఎలా కనిపెట్టాలి?

జవాబు: ఫోన్ టార్చ్ వేసి సౌండ్‌హోల్ (టాప్ మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం) అంచు చూడమ్మా. టాప్ మీద సన్నటి నిలువు గీతలుంటాయి కదా, అవి ఆ అంచు మీదుగా మడిచినట్టు లోపలి వైపుకి దిగుతుంటే అది ఒకే పలక. అంచులో అడ్డంగా పొరలు పొరలుగా, మధ్యలో వేరే రంగు చారతో కనబడితే ప్లైవుడ్ తరహా లామినేట్. కొన్నిటికి అంచుకి రంగు పూసేస్తారు, అప్పుడు మోడల్ పేరు పట్టుకుని కంపెనీ ఇచ్చిన వివరాలు వెతుక్కోవాలి. వెనక పలకకైతే బయటున్న చెక్క గీతలూ, సౌండ్‌హోల్‌లోంచి కనిపించే లోపలి గీతలూ ఒకే చోట కలుస్తున్నాయో లేదో చూడు. లామినేట్ అయినంత మాత్రాన పారేయాల్సిందేం కాదు. తేమకీ పొడికీ అది తొందరగా పగలదు, హాస్టల్ బతుక్కి అదే మేలు. సాలిడ్ ధర పెట్టి లామినేట్ కొనకు, అంతే. ఒక పని మాత్రం మరిచిపోకు. బేరమాడే ముందు మెడని చివరి నుంచి ఒక కన్ను మూసి చూడు. బాణంలా కాకపోయినా ఫర్వాలేదు, మెలిక తిరిగి ఉంటే మాత్రం ఆ గిటార్ వదిలేసి వచ్చెయ్.

ప్రశ్న: మాస్టారు గారూ, మావారికి నాలుగు గిటార్లున్నాయి. ఐదోది చూస్తున్నారు. ‘ఒక్కోటీ ఒక్కోలా మోగుతుంది, నీకు తెలీదు’ అంటారు. నాకు సంగీతం రాదు. నాలుగూ వాయిస్తున్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

జవాబు: సంగీతం అక్కర్లేదమ్మా. ఆయన ఇంట్లో లేనప్పుడు, ఉతికిన తెల్లటి చేతిరుమాలు ఒకటి తీసుకోండి. నాలుగు గిటార్ల స్ట్రింగ్స్ కిందా, బ్రిడ్జ్ వెనకాల, వేలు దూర్చి తుడవండి. రోజూ చేతిలో ఉండేదానికి ఫ్రెట్ల దగ్గర నల్లటి జిడ్డు అంటుతుంది, టాప్ మీద దుమ్ము ఉండదు. ముట్టుకోనిదానికి జిడ్డు ఉండదు, దుమ్ము మాత్రం మెత్తటి నూగులా వస్తుంది. ఆయన వచ్చాక నాలుగూ ముందు పెట్టి, ట్యూనర్ ముట్టుకోకుండా ఒక్కోదానిమీద ఒక్కో పాట వాయించమనండి. ఏది ముందు తీసుకుంటారో, దేని దగ్గర మొహం చిట్లిస్తారో చూస్తే చాలు. చేతిరుమాలు సంగతి పాటలన్నీ అయ్యాక చెప్పండి.